24 మంది పిల్లలు, 7 రోజులు, 6 కచేరీలు: వెళ్లే ముందు ఇది చదవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో మీ సంగీతం క్లాసులో 8 నుంచి 14 ఏళ్ల పిల్లలు 24 మంది కలిసి పాడుతున్నారు. దసరా సెలవుల్లో వాళ్లను కాకినాడ, రాజమండ్రి, విశాఖ, విజయనగరం వైపు తీసుకెళ్లి 7 రోజుల్లో 6 కచేరీలు చేయించాలని ఉంది. ఇదే మొదటిసారి కాబట్టి ఏమేం చూసుకోవాలి, పాటల్లో వెస్టర్న్ వాళ్లలా హార్మనీ, అంటే ఒకేసారి వేర్వేరు స్వరాలు కలిపి పాడటం, పెట్టాలా వద్దా అని. నేను ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పాట చెప్తున్నాను, ఇలాంటి ప్రయాణాలు పదకొండు చేశాను, అందులో రెండు పూర్తిగా పాడుచేశాను. నాకు తెలిసిందంతా ఎక్కువగా ఆ రెండిట్లోంచి వచ్చిందే. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

అన్నిటికన్నా ముందు, 6 కచేరీలు వద్దు. నాలుగు చేయండి. మూడైతే ఇంకా సంతోషం. మీరు రాసినదాంట్లో సగం రిహార్సల్ గురించే ఉంది, ఎన్ని పాటలు వచ్చు, ఏ పాట ముందు, ఏది వెనక అని. పాటలు మీ పిల్లలకు వచ్చే ఉంటాయి, దాని గురించి నాకేం బెంగ లేదు. వాళ్లు స్టేజీ మీద ఉండేది రోజుకు ఒక గంట. మిగతా 23 గంటలు ఏం తిన్నారు, ఎప్పుడు పడుకున్నారు, ఎంత అరిచారు అన్నదే ఆ గంటలో బయటికి వినపడుతుంది. మూడో రోజు సాయంత్రానికి ఎంత గట్టి పిల్లలకైనా తారస్థాయిలో, అంటే పై స్వరాల్లో, శ్రుతి కిందికి జారుతుంది, మీరేమో పాట రాలేదనుకుని మర్నాడు పొద్దున్నే ఇంకో గంట ప్రాక్టీస్ పెడతారు, దాంతో నాలుగో రోజుకి మొత్తం పోతుంది. నేను చేసిన మొదటి తప్పు అచ్చంగా ఇదే.

వియన్నా బాయ్స్ క్వయర్ పేరు వినే ఉంటారు, 1498 నాటి ఆస్థాన సంప్రదాయం నుంచి వస్తున్న బృందం. అక్కడ సుమారు వంద మంది పిల్లలు, ఏటా మూడు వందల దాకా కచేరీలు. అయినా ఆ వంద మందిని నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టును ఏడాదిలో తొమ్మిది నుంచి పదకొండు వారాలే బయట తిప్పుతారు, మిగతా రోజులు బడిలో ఉంటారు. వాళ్ల చదువు, హాస్టలు, రోజంతా అన్నీ పాట చుట్టూ కట్టుకున్నవే. మన పిల్లలు ఆదివారం పొద్దున టిఫిన్ తిని గంటన్నర క్లాసుకొచ్చేవాళ్లు, వాళ్ల చేత వారంలో ఆరు అంటే మీరే ఆలోచించండి.

ఇంకో కారణం వాన. అక్టోబరు అంటే మన కోస్తాలో తుపాన్ల కాలం. విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న, శ్రీకాకుళం మీద తిత్లీ పడింది 2018 అక్టోబరులో. అంత పెద్దది రాకపోయినా రెండు రోజుల ముసురు చాలు, ఆరుబయట పందిరి కచేరీ ఎగిరిపోతుంది. ప్లాన్‌లో ఒక రోజు ఖాళీగా వదిలేస్తే అది విశ్రాంతికీ పనికొస్తుంది, వానకీ పనికొస్తుంది.

ఇక రైలు. టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, దసరాకి ఆ రూటులో తెరిచిన రోజే చూసుకోవాలి. ఒక పీఎన్ఆర్ మీద ఆరుగురికే ఇస్తారు కాబట్టి 24 మంది పిల్లలు, 6గురు పెద్దవాళ్లు అంటే ఐదు టికెట్లు. ఆరుగురు పెద్దవాళ్లు ఎందుకు అంటారేమో, నలుగురు పిల్లలకు ఒకరు చొప్పున, ఇంతకు తక్కువతో నేను వెళ్లను, అందులో కనీసం ముగ్గురు ఆడవాళ్లు ఉండాలి. ప్రతి టికెట్‌లోనూ ఒక పెద్ద, ఐదుగురు పిల్లలు వచ్చేలా వేయండి, చివరి దాంట్లో ఇద్దరు పెద్దలు, నలుగురు పిల్లలు. బెర్తులు వేరే బోగీలో పడినా ఆ గుంపు తన పెద్దతో పాటే ఉంటుంది. నేను ఒకసారి పిల్లలందరినీ నాలుగు టికెట్లలో, పెద్దవాళ్లను విడిగా ఒక టికెట్‌లో వేశాను. పెద్దవాళ్లం ఎస్-2లో, పిల్లలు ఎస్-9లో. ఆ రాత్రి నేను ఎన్ని కిలోమీటర్లు నడిచానో ఆ దేవుడికే తెలియాలి. పన్నెండేళ్ల లోపు వాళ్లకు సగం టికెట్ తీస్తే బెర్తు రాదు, అక్కడ డబ్బులు మిగుల్చుకోవద్దు, పూర్తి టికెట్ తీసి బెర్తు తీసుకోండి.

ఏ రైలు అన్నది కూడా ముఖ్యమే, దీని గురించి ఎవరూ చెప్పరు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రికి తీస్తే స్టేషన్ అర్ధరాత్రి దాటాక వస్తుంది. నిద్రలో ఉన్న 24 మందిని లేపి, చెప్పులు వెతికి, బ్యాగులతో, మృదంగంతో, హార్మోనియంతో రైలు ఆగే ఆ కాసేపట్లో దింపడం అనేది మీరు అనుభవించకూడని విషయం. గౌతమిలో కాకినాడ వెళ్లండి. తెల్లారుతుంది, పైగా కాకినాడ పోర్టు చివరి స్టేషను కాబట్టి బండి మిమ్మల్ని వదిలేసి పోయేది లేదు. మొదటి కచేరీ కాకినాడలో పెట్టుకుని, అక్కణ్నుంచి బస్సు మాట్లాడుకుని రాజమండ్రి, తర్వాత పగటిపూట విశాఖ. విజయనగరం విశాఖ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు, అరవై కిలోమీటర్ల దూరమే. తిరుగు ప్రయాణానికి మాత్రం గోదావరే మంచిది, అది విశాఖలోనే బయలుదేరుతుంది కాబట్టి తీరుబడిగా ఎక్కించొచ్చు.

కాగితాల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పెద్దవాళ్లు కొద్దిమంది ఇంతమంది పిల్లలను రైల్లో తీసుకెళ్తుంటే ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు ఆపి అడుగుతారు, పిల్లల అక్రమ రవాణా మీద వాళ్లు నిఘా పెట్టి ఉంటారు. ఒక జంక్షన్‌లో ఒక లేడీ కానిస్టేబుల్ మా పిల్లలను ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి "ఎక్కడికెళ్తున్నారమ్మా, ఈయనెవరు, ఆమెవరు" అని అడిగింది. నా గురించి అందరూ బాగానే చెప్పారు. మా మృదంగం ఆయన్ని చూపిస్తే మాత్రం ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె "తెలీదు" అంది. నిజమే, తెలీదు, ఆయన ఆ రోజే స్టేషన్‌లో మాతో కలిశారు, మా మామూలు ఆయనకు జ్వరం వచ్చి బదులు వచ్చిన మనిషి. ఇరవై నిమిషాలు పట్టింది తేలడానికి, ఆయన పాపం చెమటలు కక్కేశారు. ఆ కానిస్టేబుల్ మీద నాకు కోపం రాలేదు, అడగాల్సిందే అడిగింది. అప్పట్నుంచి బయలుదేరే వారం ముందే వచ్చే పెద్దవాళ్లందరినీ క్లాసుకు పిలిపించి పిల్లలతో గంట కూర్చోబెడుతున్నాను. తల్లిదండ్రుల సంతకాలతో అనుమతి పత్రాలు, పిల్లల ఆధార్ కాపీలు, సభల వాళ్లు పంపిన ఆహ్వానాలు, వెళ్లే పెద్దల పేర్లు, ఇవన్నీ ఒక ఫైల్లో రెండు సెట్లు పెట్టండి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంకొకరి దగ్గర. రైల్వే హెల్ప్‌లైన్ 139, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు పెద్దవాళ్లందరి ఫోన్లలోనూ ఉండాలి.

లెక్క గురించి కూడా ఒకటి చెప్పాలి, నవ్వకండి. రాజమండ్రి ప్లాట్‌ఫాం మీద పిల్లల్ని వరసలో నిలబెట్టి పల్లీ చిక్కీ పంచుతూ లెక్కపెట్టుకుంటున్నాను. 25 వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను, 25. తక్కువొస్తే గుండె ఆగుతుంది సరే, ఎక్కువొస్తే ఏం చేయాలో తెలియదు కదా. చివరికి తేలిందేమిటంటే పక్క బెంచీ మీద కూర్చున్న వాళ్ల పిల్లాడు చిక్కీ ఇస్తున్నారని వచ్చి మా వరసలో నిలబడ్డాడు, చాలా బుద్ధిగా చేతులు కట్టుకుని. అప్పుడు అనిపించింది, మనవాడొకడు బాత్‌రూంకి వెళ్లి ఈ పిల్లాడు ఆ చోట్లో నిలబడి ఉంటే నాకు 24 సరిగ్గా వచ్చి బండెక్కేసేదాన్ని. అందుకే ఇప్పుడు తలలు లెక్కపెట్టను. ఒక్కొక్కరికీ ఒక నంబరు, వాళ్లే వరసగా చెప్పాలి, ఏ నంబరు దగ్గర మౌనం వస్తే ఆ మనిషి లేనట్టు. దానికి తోడు ముగ్గురు ముగ్గురుగా జట్లు, జట్టులో ఒకరు కనపడకపోతే మిగతా ఇద్దరూ చెప్పాలి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, రెండు రోజుల్లో మీకన్నా వాళ్లే కచ్చితంగా చూస్తారు.

ఇప్పుడు గొంతు. తల్లులందరూ చన్నీళ్లు, పెరుగు, ఐస్‌క్రీమ్ గురించి భయపడుతుంటారు. నా అనుభవంలో చన్నీళ్ల వల్ల పోయిన కచేరీ ఒక్కటీ లేదు. పోయినవన్నీ అంత్యాక్షరి వల్ల పోయాయి. రైలెక్కగానే మొదలుపెడతారు, రైలు చప్పుడు మీద వినపడాలని గొంతు చించుకుంటారు, రెండు జట్ల మధ్య పంతం, రాత్రి పదకొండు దాకా. తెల్లారేసరికి సగం మంది గొంతు బొంగురు. పాడొద్దంటే ఊరుకోరు కాబట్టి మూగ అభినయం ఆట పెట్టండి, సినిమా పేరు సైగలతో చెప్పే ఆట, గంటల తరబడి ఆడతారు, నోరు మెదపకూడదు కాబట్టి ప్రశాంతంగా ఉంటుంది. విశాఖలో బీచ్ కూడా ఇలాంటిదే. అల ఎదురుగా నిలబడి అరవని పిల్లలు ఈ భూమ్మీద లేరు. కచేరీ ఉన్న రోజు ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లకండి, మర్నాడు పొద్దున తీసుకెళ్లండి. అంతగా అయితే అక్కడే ఉన్న కురుసుర సబ్‌మెరైన్ చూపించండి, లోపల దారి ఇరుకు, ఆరుగురు ఆరుగురుగా పంపితే నోరు వెళ్లబెట్టుకుని చూస్తారు తప్ప అరవరు. కాకినాడ కాజా కూడా కచేరీ అయ్యాకే. కొరకగానే పాకం గొంతులోకి దిగేది అది, దాని మీద పాట పాడటం అంటే జిగురు పూసిన తీగ మీద కమాను లాగినట్టే.

కచేరీ రోజు పూర్తి రిహార్సల్ పెట్టకండి. హాల్లో పదిహేను ఇరవై నిమిషాలు చాలు. నోరు మూసి హమ్మింగ్, సరళీ వరసలు రెండు కాలాల్లో, ఒక పాట పల్లవి అర గొంతుతో, అంతే. స్టేజీ ఎక్కడం, నిలబడటం, దిగడం మాత్రం రెండుసార్లు చేయించండి, ఎందుకంటే ప్రతి హాల్లోనూ మెట్లు వేరే పక్క ఉంటాయి. కొత్త హాల్లో గొంతు తేలిపోయినట్టు అనిపిస్తే పిల్లలు అరిచి పాడటం మొదలుపెడతారు, "పక్కవాళ్లు మీకు వినపడేంత మెల్లగా పాడండి" అని నేను చెప్పేది ఒక్క మాటే.

శ్రుతి సంగతి, అంటే పాటంతా ఆనుకునే ఆధార స్వరం ఎంత ఎత్తులో ఉండాలన్నది. మీరు ఐదున్నర అని రాశారు. పిల్లలకు ఆ వయసులో హాయిగానే ఉంటుంది, క్లాసులో నేనూ అక్కడే పాడిస్తాను. టూర్‌లో మాత్రం ఐదుకు దిగండి, అలసిన గొంతుకు ఆ అర శ్రుతి చాలా పెద్ద సాయం. అయితే ఇది మృదంగం ఆయనకు నెల ముందే చెప్పాలి. ఐదున్నరకు కట్టిన మృదంగాన్ని అక్కడికక్కడ దించితే నాదం చచ్చిపోతుంది, ఆయన ఐదుకు సరిపడే వాయిద్యం వేరే తెచ్చుకోవాలి. స్టేజీ మీద నిలబడి "కొంచెం తగ్గించండి సార్" అంటే ఆయన చూసే చూపు నేను చూశాను, మీకొద్దు. ఎలక్ట్రానిక్ తంబూరా మీ పక్కన పెట్టుకోకుండా పిల్లల మధ్యలో, రెండో వరస కాళ్ల దగ్గర పెట్టండి, శ్రుతి వినాల్సింది వాళ్లు. ఫోన్‌లో యాప్ పెడితే ఫ్లైట్ మోడ్ మర్చిపోవద్దు, కీర్తన మధ్యలో మా ఆయన ఫోన్ చేసిన సందర్భం ఒకటుంది.

మీ బృందంలో పన్నెండు దాటిన మగపిల్లలు ఎంతమంది? ఇది ఆలోచించుకోవాలి. నేను పాడుచేసిన రెండో టూర్ ఇక్కడే పాడైంది. పదమూడేళ్ల అబ్బాయి, నా క్లాసులో అందరికన్నా మంచి గొంతు, చరణం ఒంటరిగా వాడిచేత పాడించేదాన్ని. టూర్‌కు ముందు నెలలో రెండుసార్లు పైస్థాయిలో గొంతు చీలింది, జలుబనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అనుకోవడం నాకు సౌకర్యంగా ఉంది, ఎందుకంటే ఆ చరణానికి ఇంకొకరిని తయారు చేయలేదు. మూడో కచేరీలో తారషడ్జం (పై 'స') దగ్గర గొంతు రెండుగా చీలి కింది స్వరం బయటికొచ్చింది. వెనక వరసలో ఇద్దరు కిసుక్కున నవ్వారు, ముందు కుర్చీల్లో ఎవరో పెద్దాయన కూడా నవ్వాడు. వాడు ఆపేశాడు. నేను అందుకుని పాడాను. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు, తిరిగొచ్చాక రెండేళ్లు క్లాసుకు రాలేదు, వాళ్ల అమ్మ ఎక్కడైనా కనపడితే నేనే మొహం తిప్పుకునేదాన్ని. తర్వాత వచ్చాడనుకోండి, ఇప్పుడు ఒకటిన్నర శ్రుతిలో పాడతాడు.

కాబట్టి ఇప్పుడు నేనేం చేస్తానంటే, టూర్‌కు మూడు నెలల ముందే ఆ వయసు మగపిల్లలను విడిగా కూర్చోబెట్టి గొంతు మారడం అంటే ఏమిటో మామూలుగా చెప్పేస్తాను, ఎత్తు పెరిగినట్టే ఇదీ అని. సోలోలు ఏవీ ఒక్కరికే ఇవ్వను, ప్రతిదానికీ ఇద్దరు తయారు. గొంతు మారుతున్నవాళ్లకు మంజీర, గంజీర, పాటకు ముందు రెండు మాటలు చెప్పే పని, హాయిగా అందే చోట్ల మాత్రం పాడటం. టూర్ నుంచి తీసేయను. తీసేస్తే అది ఇంకా పెద్ద దెబ్బ. నవ్వేవాళ్ల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి, ఎవరి గొంతు చీలినా పక్కవాడు మొహం మార్చకుండా పాట అందుకోవాలి అని మేం క్లాసులో కావాలనే తప్పులు చేసి ప్రాక్టీస్ చేస్తాం.

హార్మనీ గురించి అడిగారు. మన బృందగానం ఏకకంఠం, తిరువైయారులో వందలమంది కూర్చుని త్యాగరాజు పంచరత్నాలు పాడినా అందరూ ఒకే స్వరం. అలాగని రెండు మూడు గొంతుల అమరిక మనకు కొత్తదేం కాదు. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకులు ఎం.బి. శ్రీనివాసన్ గారు 1970ల మొదట్లో మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి మన పాటలనే అలా పాడించారు. మీకు ఆసక్తి ఉంటే తప్పకుండా నేర్పండి, టూర్ అయ్యాక. ఎందుకంటే అలసట వచ్చినప్పుడు మొదట కూలేది అదే. ఏకకంఠంలో ఒకరు జారితే పక్కవాళ్లు పట్టుకుంటారు, విడి భాగం పాడేవాళ్లు జారితే ఎదుటి భాగంలో కలిసిపోతారు, మళ్లీ బయటికి రాలేరు. పైగా ఒక్కో హాల్లో ఒక్కో మైకు, ఒక జట్టుకు ఇంకో జట్టు వినపడదు. అంతగా మనసు పీకితే ఒక్క పాటలో, దేశభక్తి పాటో ఏదో, ఒక జట్టును షడ్జ పంచమాల (స, ప) మీద నిలబెట్టి ఇంకో జట్టు చేత పాడించండి, రాగం పోదు, వినడానికి నిండుగా ఉంటుంది. కీర్తనల జోలికి వెళ్లకండి.

మైకు. సభల వాళ్లు మీకు రెండు కార్డ్‌లెస్ మైకులు ఇచ్చి ముందు వరస పిల్లల చేతిలో పెట్టమంటారు. పెడితే 24 మంది కచేరీ ఇద్దరి కచేరీ అవుతుంది. నాలుగు స్టాండ్ మైకులు కావాలని ముందే రాతపూర్వకంగా అడగండి, కండెన్సర్ (దూరం నుంచి కూడా గొంతు బాగా అందుకునే రకం) అయితే రెండు చాలు. ముందు వరసకు మూడు అడుగుల దూరంలో, పిల్లల తలల కన్నా కాస్త ఎత్తులో, వెనక వరస వైపు చూసేలా పెట్టించండి. మైక్ సెట్ అబ్బాయి "వాల్యూమ్ సరిపోదు మేడం, దగ్గరికి రమ్మనండి" అంటాడు. కూత రాకుండా ఎంత పెంచగలడో అంత పెంచమని చెప్పి, పిల్లల వైపు ఉన్న మానిటర్‌లో (స్టేజీ మీదివాళ్లు వినడానికి పెట్టే స్పీకర్‌లో) శ్రుతి, వాయిద్యాలు తప్ప పిల్లల గొంతులు రాకుండా చూడండి. ఆ అబ్బాయికి టీ ఇప్పించి పేరు పెట్టి పలకరిస్తే సగం పని అయిపోతుంది, ఇది వెటకారం కాదు.

సభల గురించి ఇంకొకటి చెప్పి తీరాలి. ఒక ఊళ్లో (పేరు వద్దులెండి) సాయంత్రం ఆరుకు కచేరీ అన్నారు. ఐదింటికల్లా పిల్లలు పట్టుపావడాలు, పంచెలు కట్టుకుని తయారు. జ్యోతి ప్రజ్వలన ఏడింటికి. తర్వాత ఐదుగురు వక్తలు, ముగ్గురికి సన్మానం, ఒకాయన "రెండే రెండు ముక్కలు" అని నలభై నిమిషాలు. పిల్లలు ఎనిమిదిం ముప్పావుకి స్టేజీ ఎక్కారు. రెండో పాటలో వెనక వరస బల్ల మీద నిలబడ్డ అమ్మాయి కళ్లు తిరిగి పక్కకు ఒరిగింది, పక్కనున్నది పట్టుకోబట్టి సరిపోయింది. ఆకలి ఒకటి, ఉక్క ఒకటి, దానికి తోడు మోకాళ్లు బిగబట్టి కదలకుండా నిలబడటం. బృందగానంలో పిల్లలు పడిపోవడానికి ఈ మోకాళ్లే పెద్ద కారణం, కాళ్లు కాస్త సడలించి, పాటకూ పాటకూ మధ్య వేళ్లు, మడమలు కదపమని నేర్పండి. ఇప్పుడు నేను సభ వాళ్లకు ఒప్పుకునే ముందే చెప్తాను: పిల్లలు ముందు పాడతారు, ఉపన్యాసాలు, శాలువాలు తర్వాత. మొదట్లో మొహమాటంగా ఉండేది. ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు, వెళ్లలేదు, నష్టమేం జరగలేదు. స్టేజీకి గంటన్నర ముందు ఇడ్లీయో పెరుగన్నమో పెట్టేయండి. ఇంకా, దయచేసి 24 మందికీ విడివిడిగా జ్ఞాపికలు ఇవ్వొద్దని చెప్పండి, ఆ చెక్క బొమ్మల మూట రైలెక్కించింది నేనే. పట్టుబట్టలు కూడా ఒక్క జతే పెట్టుకోండి, మిగతా రోజులకు ఒకే రంగు నూలు బట్టలు. మగపిల్లలకు వెల్‌క్రో ఉన్న రెడీమేడ్ పంచెలు, సంప్రదాయం గురించి ఎవరేమన్నా సరే.

విజయనగరం మాత్రం కచేరీ లేకపోయినా తీసుకెళ్లండి. 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల, హరికథకు పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల, సుశీల చదివింది ఇక్కడే. ఘంటసాల ఇక్కడ చదువుకునే రోజుల్లో జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చుకునేవారని చెప్తే, హోటల్లో పూరీ నూనెగా ఉందని గొడవపెట్టిన మా వాళ్లు కాసేపు గమ్మున ఉన్నారు. కాసేపే. అక్కడ గురజాడ దేశభక్తి గీతం పాడతారా, అయితే ఒక జాగ్రత్త. అది ఆయన 1910లో రాసిన పాట, ఆయన బతికిన ఊరు, హాలంతా మీతో అందుకుంటుంది, అదీ వాళ్ల నడకలో. మా పిల్లలు బెదిరి సగం మంది సభ నడకలోకి, సగం మంది నా చేతి వైపు, మృదంగం ఆయన ఎటూ కాకుండా. నా చెయ్యి తప్ప ఇంకేదీ చూడొద్దు అని ముందే గట్టిగా చెప్పండి, లేదా హాయిగా సభ నడకలోకే వెళ్లిపోండి, నేనైతే ఈసారి అదే చేస్తాను.

రాత్రుళ్ల గురించి క్లుప్తంగా. చిన్నపిల్లల్లో పక్క తడిపే అలవాటు ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, తల్లిదండ్రులు సిగ్గుపడి చెప్పరు, మీరే ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి మామూలుగా అడగండి. చెప్తే ఒక ప్లాస్టిక్ షీటు, రాత్రి రెండింటికి ఒకసారి లేపడం, అయిపోతుంది, పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు. పెద్ద ఆడపిల్లల కోసం ప్యాడ్లు మీ దగ్గరో ఇంకో ఆవిడ దగ్గరో ఉండాలి, ఎవరిని అడగాలో వాళ్లకు మొదటి రోజే చెప్పాలి. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇన్‌హేలర్ పిల్లల బ్యాగులో ఒకటి, మీ దగ్గర ఒకటి. మందు ఏదైనా సరే, తల్లిదండ్రులు రాసిచ్చిన చీటీలో లేనిది వాళ్లను అడగకుండా వేయొద్దు. ఇంటికి ఫోన్ రాత్రి పడుకునే ముందు చేయించకండి. అప్పటిదాకా బ్రహ్మాండంగా ఆడిన పిల్ల "అమ్మా" అనగానే బావురుమంటుంది, ఒకరు మొదలుపెడితే గదంతా. పొద్దున టిఫిన్ అయ్యాక చేయించండి, "ఆఁ బాగానే ఉన్నా, పెట్టేస్తున్నా" అని అర నిమిషంలో పెట్టేస్తారు. తల్లులకు బాధగా ఉంటుంది, ముందే చెప్పి పెట్టండి.

డబ్బుల లెక్క మాత్రం బయలుదేరే ముందే వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి, పక్కవాద్యాల వాళ్లకు ఎంత, మీకు ఎంత అన్నదానితో సహా. మీరు ఏమీ తీసుకోకపోయినా ఆ మాట కూడా రాయండి. తిరిగొచ్చాక రాస్తే అది లెక్క కాదు, సంజాయిషీ అవుతుంది.

తిరిగొచ్చే రోజు సికింద్రాబాద్ స్టేషన్‌లో పొద్దున్నే ఒక గందరగోళం ఉంటుంది, దానికి సిద్ధంగా ఉండండి. ముప్పై నలభై మంది తల్లిదండ్రులు ఒకేసారి మీద పడతారు, ఎవరో "మా పక్కింటి పాపను కూడా మేమే తీసుకెళ్లిపోతాం, వాళ్ల నాన్న చెప్పారు" అంటారు. ఇవ్వకండి. ఆ నాన్నకు ఫోన్ చేసి మీరు విన్నాకే. ఒక్కొక్క పేరు ఎదురుగా తీసుకెళ్లేవాళ్ల సంతకం తీసుకోండి, ఆ జాబితా ఫోన్‌లో కాకుండా కాగితం మీద ఉండాలి, ఆ టైంకి మీ ఆరుగురి ఫోన్లలోనూ చార్జింగ్ ఉండదు. పెన్నులు కూడా మూడు పెట్టుకోండి, రెండు ఎవరో ఒకరు పట్టుకెళ్లిపోతారు.